మాగ్నెటిక్ ఆల్బమ్ నుంచి పన్నెండు అంగుళాల పేజీకి

రోజు 1

అమ్మ బీరువా అడుగునుంచి పాత ఆల్బమ్ బయటికి తీశాను. దీన్ని మాగ్నెటిక్ ఆల్బమ్ అనేవాళ్లు గానీ, ఇందులో అయస్కాంతం ఎక్కడా లేదు. అట్ట మీద వరసగా జిగురు చారలు, పైన ప్లాస్టిక్ పొర, అంతే. ఫోటో పెట్టి పొర మూసేస్తే పని అయిపోయేది. కార్నర్లు అతికించే బాధ లేదని ఒకప్పుడు అందరూ ఇవే కొన్నారు. ఇప్పుడు ఆ చారలన్నీ గోధుమరంగులోకి తిరిగాయి. పొర లేపితే చర్‌ర్‌మని చప్పుడు. కొన్ని ఫోటోల్లో వెనకున్న జిగురు మరక ముందువైపుకి కూడా వచ్చేసింది.

లెక్కపెట్టాను. 143 ఫోటోలు. నా ప్లాను: వీటిని స్కాన్ చేసి, రంగులు సరిచేసి, ప్రింట్లు వేయించి, అందులో మంచివాటిని రంగు కాగితాల మీద అతికించి, అలంకరించి ఇరవై పేజీల స్క్రాప్‌బుక్ చేయడం. పేజీ సైజు 12×12 అంగుళాలు, స్క్రాప్‌బుక్ చేసేవాళ్లు ఎక్కువగా వాడేది అదే. ఫోటో ఎడిటింగ్ నాకు రాదు. కత్తెర పట్టి కాగితం తిన్నగా కోయడం కూడా రాదని ఇంట్లో అందరి అభిప్రాయం. అందుకే రెండు ఆన్‌లైన్ వీడియో కోర్సుల్లో చేరాను, ఒకటి చేతిపనికి, ఒకటి ఎడిటింగ్‌కి.

రోజు 5

ఇప్పటిదాకా చూసిన వీడియోలు పదకొండు గంటలు. చేసిన పేజీలు సున్నా.

చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. చేతిపని నేర్పే ఆవిడ కాగితం మడిచి, చించి, అతికించి "చూశారా, ఎంత తేలికో" అంటుంది, నేనూ తలాడిస్తాను. వీడియో ఆపి కాగితం ముందు కూర్చుంటే మొదట ఏం చేసిందో కూడా గుర్తు రాదు. ఇవాళ్టి నుంచి నాకు నేను పెట్టుకున్న రూలు: పాఠం ఒకసారి మామూలు స్పీడులో పూర్తిగా చూడాలి, చేతులు కట్టుకుని. రెండోసారి 0.75 స్పీడులో, ఆపుతూ, చేస్తూ. ఆ పని పూర్తయ్యేదాకా తర్వాతి పాఠం తెరవకూడదు.

ఎడిటింగ్ క్లాసుతో వేరే తంటా. ఆయన నేర్పేది ఫోటోషాప్‌లో, నా దగ్గరున్నది జింప్. 1996 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, నా పనికి కావలసినవన్నీ ఉన్నాయి. కాకపోతే ఆయన నొక్కమన్న బటన్ నా దగ్గర ఆ చోట ఉండదు. ఒక ఆకారంలోపలే ఫోటో కనబడేలా చేసే క్లిప్పింగ్ మాస్క్ ఆయనకి ఒక్క క్లిక్కు. నేనైతే రెండు లేయర్లనీ (ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు) ఒక గ్రూపులో పెట్టి, పై లేయర్ మీద రైట్ క్లిక్ చేసి, కాంపోజిట్ మోడ్‌లో 'క్లిప్ టు బ్యాక్‌డ్రాప్' ఎంచుకోవాలి. ఇది కనుక్కోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఎడమ పేజీలో ఆయన మాట, కుడి పేజీలో నా మాట రాసుకుంటున్నాను. నిఘంటువు తయారవుతోంది.

రోజు 8

ఒక ఫోటో చింపేశాను.

పెద్దమ్మ పెళ్లికి ముందు దిగిన ఫోటో, మూల పట్టుకుని మెల్లగానే లేపాను. సగం దాకా బాగానే వచ్చింది, ఆ తర్వాత మూల నా చేతిలో ఉంది, మిగతాది అట్టకే ఉండిపోయింది. అమ్మ పక్కనే ఉంది. "పోనీలేవే, ముఖం బాగానే ఉందిగా" అంది. ఆ మాట అన్న తీరుకే ఇంకా బాధేసింది.

తప్పు ఎక్కడంటే, వరస తిరగేశాను. ముందు స్కాన్ చేయాలి, తర్వాతే ఊడదీయాలి. ఊడదీసేటప్పుడు ఏమైనా జరగొచ్చు, స్కాన్ ఉంటే బొమ్మైనా మిగులుతుంది. చేతిపని కోర్సులో ఆరో పాఠంలో ఇది చెప్పారట. నేను నాలుగులో ఉన్నాను.

మిగతావాటిని ముందు పేజీలతో సహా పైపైన ఒకసారి స్కాన్ చేసి పెట్టుకుని, ఆరో పాఠంలో చూపించిన పద్ధతే పాటించాను. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారం, మైనం పూయనిది, ఒక అడుగు పొడవు తీసుకోవాలి. రెండు చేతుల వేళ్లకీ చుట్టి ఫోటో కిందికి ఒక మూల నుంచి దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ ముందుకి జరపాలి. ఫోటోని పైకి లాగకూడదు, వంచకూడదు. దారం జిగురు చార దగ్గరికి వచ్చినప్పుడు చేతికి తెలుస్తుంది, ఒక్క క్షణం పట్టేసినట్టు ఆగి, టిక్కుమని దాటుతుంది. ఒక ఫోటో కింద నాలుగైదు చారలుంటాయి కాబట్టి నాలుగైదు టిక్కులు. మూడో ఫోటోకి ఆ చప్పుడు కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాను.

143లో 131 క్షేమంగా వచ్చాయి. పన్నెండు మొండికేశాయి, వాటిని అట్టతో సహా వదిలేశాను. అట్టని ఫోటో చుట్టూ కోసి, అలాగే స్కానర్ మీద బోర్లించాను.

వచ్చినవాటి వెనక పేరు, సంవత్సరం మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, గట్టిగా నొక్కకుండా రాస్తున్నాను. బాల్‌పెన్ను వాడితే అచ్చు ముందువైపుకి ఉబ్బుతుంది, సిరా పక్క ఫోటోకి అంటుకుంటుంది. మా ఆల్బమ్‌లో ఈ రెండు పాపాలకీ ఉదాహరణలున్నాయి.

రోజు 11

స్కానింగ్ అంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు. అద్దం తుడువు, ఫోటో పెట్టు, మూత వెయ్యి, గీత కదిలేదాకా చూడు, తియ్యి.

సెట్టింగు 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు. 4×6 అంగుళాల ఫోటోకి అది 2400×3600 పిక్సెళ్లు. ప్రింటుకి అంగుళానికి 300 చాలు కాబట్టి అసలు సైజుకి రెండింతలు పెంచి ప్రింటు వేసినా స్పష్టంగా ఉంటుంది. 1200 పెడితే ఇంకా వివరం వస్తుందేమోనని ఒకటి చూశాను. ఫైలు నాలుగింతలైంది, ముఖంలో కొత్తగా కనబడింది ఏమీ లేదు. కాగితం మీద లేని వివరాన్ని స్కానర్ ఎక్కడ్నుంచి తెస్తుంది?

సేవ్ చేసేది టిఫ్ అనే ఫైలు రకంలో. ఒక్కోటి దాదాపు 26 ఎంబీ. జేపెగ్ అయితే చిన్నదే, కానీ మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం నాణ్యత పోతుంది. 'అసలు' అనే ఫోల్డర్‌లో ఈ టిఫ్‌లు పెట్టి, దాన్ని ముట్టుకోకూడదని నిర్ణయం. ఎడిట్ చేసేదంతా కాపీల మీదే. ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి, మరోటి అక్క దగ్గరికి.

ఈ రోజంతా తిన్నది మాత్రం పదిహేడు ఫోటోలు. అవి సిల్కు ఫినిష్ కాగితం మీద వేసినవి, వేలితో రాస్తే తేనెపట్టులాంటి చిన్న చిన్న గళ్లు తగులుతాయి. కంటికి బాగానే ఉంటాయి. స్కానర్ దీపం ఒక పక్కనుంచే పడుతుంది గనక ప్రతి గడి అంచూ మెరిసి, ముఖం నిండా మెరుపు చుక్కలు. బ్లర్ చేస్తే చుక్కలు పోతాయి, వాటితో పాటు కనురెప్పలూ పోతాయి.

క్లాసులో చెప్పిన చిట్కా మొదట నమ్మలేదు. ఫోటోని ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా తిప్పి స్కాన్ చేయాలి. రెండోదాన్ని కంప్యూటర్లో 180 డిగ్రీలు తిప్పి, మొదటిదాని మీద లేయర్‌గా పెట్టి, ఓపాసిటీ, అంటే ఎంత దట్టంగా కనబడాలో, 50 శాతం చేయాలి. దీపం ఒకసారి ఈ పక్కనుంచి, ఒకసారి ఆ పక్కనుంచి పడినట్టే కదా. ఒకదాంట్లో మెరిసిన అంచు ఇంకోదాంట్లో నీడ, రెండూ కలిస్తే చదును. రెండు లేయర్లూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, అదే కష్టం. 400 శాతానికి జూమ్ చేసి, బాణం గుర్తు మీటతో ఒక్కో పిక్సెల్ జరుపుతూ ఉంటే, ఒక్కసారిగా చుక్కలు మాయమై తాతయ్య కళ్లద్దాల ఫ్రేము తేలింది. అమ్మని కేకేశాను. వచ్చి చూసి, "కొత్తగా ఏం చేశావు? ఆయన ఎప్పుడూ ఇలాగే ఉండేవాడుగా" అంది.

పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలంటే. మూడొంతులు పోయింది. నాకు చాలు.

రోజు 16

రంగులు. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం.

పాత కలర్ ఫోటోలన్నీ ఎర్రబడటానికి కారణం ఎప్పుడూ ఆలోచించలేదు. కలర్ ప్రింటులో మూడు రంగుల పొరలుంటాయి: సయాన్, మెజెంటా, పసుపు. ఆ రోజుల్లో వేసిన చాలా ప్రింట్లలో, చీకట్లో ఆల్బమ్‌లో మూసి ఉంచినా సరే, ముందు వెలిసిపోయేది సయాన్. ఎరుపుని అడ్డుకునేది అదే, అది తగ్గితే బొమ్మంతా ఎరుపు. అంటే ఎరుపు ఎవరూ చేర్చలేదు, దాన్ని ఆపేవాడు వెళ్లిపోయాడు.

హిస్టోగ్రామ్‌లో, అంటే ఫోటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో కొండలా గీసి చూపించే బొమ్మలో, ఇది కంటికి కనబడుతుంది. జింప్‌లో లెవెల్స్ తెరిచి, ఛానల్‌ని ఎరుపుకి మారిస్తే కొండంతా కుడి పక్కకి జరిగి, ఎడమవైపు మూడో వంతు ఖాళీగా ఉంది. ఎడమ చివరి ముక్కోణాన్ని కొండ మొదలయ్యే చోటికి జరిపాను. ఆకుపచ్చకీ నీలానికీ అలాగే, వాటికి కొంచెమే అవసరమైంది. మూడో ముక్కోణం వదలగానే వెనకున్న చెట్టు చెట్టు రంగులోకి వచ్చింది. అప్పటిదాకా అది చెట్టని కూడా నేను గమనించలేదు, గోడ అనుకున్నాను. వెలిసిపోయి పాలిపోయిన ఫోటోలకి ఇంకో చిన్న పని: లేయర్‌ని కాపీ చేసి పైదాని మోడ్ 'మల్టిప్లై' పెట్టి, ఓపాసిటీ తగ్గిస్తూ పోవాలి. బొమ్మకి ఒంట్లోకి రక్తం వచ్చినట్టుంటుంది.

గ్రే పికర్ అని ఒకటుంది, తెల్లగానో బూడిదగానో ఉండాల్సిన చోట క్లిక్ చేస్తే మిగతా రంగులన్నీ దాన్నిబట్టి అవే సర్దుకుంటాయి. అక్క స్కూలు చొక్కా మీద క్లిక్ చేశాను. అందరూ చలిలో వణికిపోతున్నట్టు నీలంగా మారారు. రెండుమూడుసార్లు చేసినా అంతే. చివరికి అమ్మని అడిగితే, "అది తెల్ల చొక్కా ఎక్కడిదే, మీ స్కూలుది క్రీము కలర్ కదా" అంది. క్రీములో పసుపు ఉంటుంది. దాన్నే తెలుపు అని నేను అబద్ధం చెబితే, పాపం అది పసుపంతా తీసేసింది. వెనక ఉన్న పేపరు అంచు మీద క్లిక్ చేస్తే సరిపోయింది.

రోజు 19

తొందర పుట్టి, ముఖాలు ఆటోమేటిగ్గా బాగుచేసే ఒక ఏఐ టూల్‌లో అమ్మమ్మ ఫోటో వేశాను. ఐదు సెకన్లలో కనురెప్పలు విడివిడిగా, చర్మం నున్నగా, పెదవుల మీద మెరుపుతో సహా ఇచ్చింది. అమ్మకి చూపిస్తే, "బాగుంది, ఎవరే ఈ అమ్మాయి?" అంది.

మసకగా ఉన్నచోట అది ఊహించి గీస్తుంది, ఎక్కడో చూసిన వేరే వేల ముఖాల్లోంచి. డిలీట్ చేశాను. మసకైనా అమ్మమ్మే కావాలి.

రోజు 23

ఈ రోజు గురించి రాయాలా వద్దా అనుకున్నాను.

నేనూ అక్కా గుమ్మంలో నిలబడిన ఫోటో ఒకటుంది. అక్క బుద్ధిగా కెమెరా వైపు చూస్తోంది, నేను నాలుక బయటపెట్టాను. ఫోటో నిండా గీతలు, దుమ్ము, జిగురు మరక. హీలింగ్ బ్రష్ పాఠం అయిపోయింది కాబట్టి దీని మీదే చేయి తిప్పుకుందామని కూర్చున్నాను. ఫోటో లేయర్‌ని కాపీ చేసి, ఆ కాపీ మీద, 200 శాతం జూమ్, మచ్చ కంటే కొంచెం పెద్ద బ్రష్. కంట్రోల్ నొక్కి పక్కన శుభ్రంగా ఉన్నచోట క్లిక్ చేసి, మచ్చ మీద ఒక చుక్క. గీతని ఒక్కసారిగా గీకకూడదు, ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్కకీ నమూనా మార్చుకుంటూ పోవాలి. లేకపోతే ఒకే చుక్క పదిసార్లు అచ్చుపడి పట్టుబడిపోతాం.

రెండు గంటలు. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి వరసగా కిందికి. మా తలల పక్కన ద్వారబంధం మీద సన్నటి అడ్డగీతలు పది దాకా ఉన్నాయి, అవి కూడా తుడిచేశాను. చెక్క నున్నగా వచ్చింది. నా మీద నాకే ముచ్చటేసింది.

అమ్మ చాలాసేపు చూసింది. "గీతలేవే?" అంది.

"ఏ గీతలు?"

"నాన్న గీసినవి. మీ ఎత్తు కొలిచేవారు కదా, తల మీద స్కేలు పెట్టి."

నాకు గుర్తే లేదు. అక్కకి ఫోన్ చేస్తే దానికి గుర్తుంది. ఏడాదికోసారి నాన్న మా ఇద్దర్నీ నిలబెట్టి, మడమలు ఎత్తకుండా అమ్మని కాపలా పెట్టి, పెన్సిలుతో గీసేవారట. "నువ్వెప్పుడూ మడమలెత్తి దొంగాట ఆడేదానివి" అని కూడా చెప్పింది, అడక్కపోయినా. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. ఆ ద్వారబంధానికి ఎన్నిసార్లు పెయింటు పడిందో. ఆ గీతలున్న ఫోటో, నేను వెతికినంతలో, ఇదొక్కటే.

పోయిందేమీ లేదు. 'అసలు' ఫోల్డర్‌లో టిఫ్ ఉంది, నేను చేసిందంతా వేరే లేయర్ మీద ఉంది. ఆ లేయర్‌కి ఒక తెల్ల మాస్క్ తగిలించి, ద్వారబంధం ఉన్నంతమేరా నల్ల బ్రష్‌తో పూశాను. నలుపు పూసినచోట నా రిపేరు కనబడకుండా పోయి, కింద ఉన్న గీతలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. అడుగున ఒకటి, కొంచెం పైన రెండు దగ్గర దగ్గరగా, ఇంకా పైన.

లేయర్లెందుకు, తిన్నగా ఫోటో మీదే చేసేస్తే పని తొందరగా అవుతుంది కదా అని మూడో పాఠంలో ఆయన మీద విసుక్కున్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రోజు 24

ఆ మూలని 1200లో మళ్లీ స్కాన్ చేశాను, గీతల పక్కన నాన్న ఏమైనా అంకెలు రాశారేమోనని. ఏదో బూడిదరంగు మరకలా ఉంది. అక్షరమో, చెక్క చారో తెలియడం లేదు. మొన్న నేనే రాసుకున్నాను కదా, కాగితం మీద లేనిది స్కానర్ తేలేదని.

ఇప్పటిదాకా శుభ్రం చేసిన నలభై ఫోటోలనీ అమ్మతో కూర్చుని మళ్లీ చూశాను. తుడవకూడనివి ఇంకో రెండు దొరికాయి: అత్త చేతి మీద కాలిన మచ్చ, కిటికీ అద్దంలో పగులు. అద్దం పగలగొట్టింది మామయ్యట, దాని కథ ఇరవై నిమిషాలు నడిచింది. ఇకమీదట అమ్మ చూశాకే బ్రష్ పట్టుకుంటాను.

రోజు 30

ఎడిటింగ్ పక్కనపెట్టి కాగితం పని.

కాగితం కొనేటప్పుడు చూడాల్సింది రెండు మాటలు: యాసిడ్ లేనిది, లిగ్నిన్ లేనిది. లిగ్నిన్ అంటే చెక్క గుజ్జులో ఉండే పదార్థం. న్యూస్‌పేపరు ఎండలో పెడితే పచ్చబడిపోయేది దానివల్లే. ప్లాస్టిక్ కవర్లకైతే పీవీసీ వద్దు, పాలీప్రొపిలీన్ మంచిది. ప్యాకెట్టు మీద 'ఫోటో సేఫ్' అన్న మాట ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. ఫోటోల పక్కన పెట్టే కాగితాన్నీ జిగురునీ పరీక్షించడానికి ఐఎస్‌ఓ 18916 అనే ప్రమాణం ఉంది, అందులో నెగ్గిందని రాసి ఉంటే ఆ మాటకి విలువ.

ఇంత చదివి, ఇంట్లో ఉన్న తెల్ల గమ్ముతో మొదటి పేజీ అతికించాను. అరగంటలో పేజీకి వాడిన మందపాటి కాగితం, అదే కార్డ్‌స్టాక్, అప్పడంలా లేచింది. తడి జిగురు పూసిన వైపు నార ఉబ్బుతుంది, రెండో వైపు పొడిగా ఉంటుంది, కాగితం వంగక ఏం చేస్తుంది. బరువైన పుస్తకాల కింద రాత్రంతా పెట్టినా నడుం వంపు పోలేదు. ఆ పేజీ ప్రాక్టీసు పేజీ అయింది. ఇప్పుడు డబుల్ సైడ్ టేపు, ఫోటో కార్నర్లు, కొంచెం ఎత్తుగా కనబడాల్సినవాటికి ఫోమ్ చుక్కలు.

జిగురు బాధ పాతదే. రచయిత మార్క్ ట్వేన్‌కి స్క్రాప్‌బుక్కుల పిచ్చి. గమ్ము సీసాతో వేగలేక, ముందే జిగురు చారలు పూసి ఉంచిన పుస్తకం ఒకటి తయారుచేసి 1873లో పేటెంటు తీసుకున్నాడు. చారని తడిపి, కాగితం ముక్క నొక్కేయడమే. చారలు చారలుగా జిగురు అన్న మాట చదవగానే నాకు గుర్తొచ్చింది అమ్మ ఆల్బమే.

అసలు ఫోటోలు మాత్రం ఈ పుస్తకంలో ఒక్కటీ అతికించను. అతికించేవన్నీ ప్రింట్లు. అసలువి యాసిడ్ లేని కవర్లలో, ఒక డబ్బాలో నిలబెట్టి ఉంటాయి. చేతిపని క్లాసులో ఆవిడ అసలు ఫోటోలని గుండ్రంగా, గుండె ఆకారంలో కోసేస్తుంటే చూడలేక వీడియో ముందుకి జరిపాను.

కోత గురించి ఒక్క మాట. కట్టర్‌ని ఒకేసారి గట్టిగా నొక్కి లాగితే స్కేలు జారుతుంది. స్టీలు స్కేలు గట్టిగా అదిమిపెట్టి, తేలిగ్గా మూడుసార్లు లాగితే అంచు తెగినట్టే తెలియకుండా తెగుతుంది. బ్లేడు మొన విరిచి కొత్తది తీయడానికి పిసినారితనం పనికిరాదు. నా బొటనవేలి మీది ప్లాస్టరు దీనికి సాక్షి.

రోజు 34

చేతిపని క్లాసు ఆవిడ కొలతలు చెప్పదు. "ఇంత కాగితం తీసుకోండి" అంటుంది. ఎంత? చేయి అడ్డొస్తుంది, అసలైన చోట వీడియో స్పీడు పెంచేస్తుంది.

దీనికి నేనే ఒక దారి కనిపెట్టాను. పేజీ మొత్తం నిటారుగా కనబడే చోట వీడియో ఆపి, తెర మీదే స్కేలు పెట్టి కొలవడం. ఆవిడ పేజీ 12 అంగుళాలని తెలుసు. నా తెర మీద అది సరిగ్గా 6 అంగుళాలు వచ్చేలా వీడియో విండో సైజు మారుస్తాను. అప్పుడు తెర మీద ఎంత ఉంటే దానికి రెండింతలు. ఫోటో చుట్టూ రంగు కాగితం అంచు ఎంత వదిలిందో ఇలాగే తెలిసింది, 3 మిల్లీమీటర్లు. నేను ఒక సెంటీమీటరు వదిలి, పటం కట్టినట్టుందేమిటా అని ఏడుస్తున్నాను అప్పటిదాకా.

లేఔట్ పాఠాల్లో పనికొచ్చినవి రెండే. ఒకే రంగు గానీ ఒకే అలంకారం గానీ వాడితే మూడుచోట్ల, ముక్కోణంలా పెట్టాలి, కన్ను వాటి మధ్య తిరుగుతుంది. ఇంకోటి, ఏదో ఒక ఫోటో మిగతావాటికంటే బాగా పెద్దదిగా ఉండాలి. అన్నీ ఒకే సైజైతే పాస్‌పోర్టు ఫోటోల షీటులా ఉంటుంది. స్టిక్కర్లు, రిబ్బన్లు, బటన్లు, కాగితం పూలు ఒకే పేజీలో పెట్టడం నాకు నచ్చలేదు. ఆవిడ పేజీ ఒకటి లెక్కపెడితే పధ్నాలుగు వస్తువులు, ఒక్క ఫోటో. ఆ ఫోటోలో ఎవరున్నారో వీడియో అయ్యాక నాకు గుర్తు లేదు.

ముందు జింప్‌లో 3600×3600 పిక్సెళ్ల ఖాళీ పేజీ తెరిచి, అక్కడే ఫోటోలు జరిపి చూసుకుంటున్నాను. కాగితం వృథా కాదు. ఈ వారంలో ఆరు పేజీలు తేలాయి.

రోజు 41

ప్రింట్లు వచ్చాయి. అన్నీ చీకటి.

ఫైళ్లలో తప్పేం లేదు. నా ల్యాప్‌టాప్ వెలుగు ఎప్పుడూ ఫుల్లులో ఉంటుంది. తెర వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఏముంటుంది? తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకేలా కనబడేదాకా బ్రైట్‌నెస్ తగ్గిస్తే దాదాపు సగానికి వచ్చింది. ఆ వెలుగులో చూస్తే నా ఎడిట్లన్నీ నిజంగానే చీకటిగా ఉన్నాయి.

అందరి ముఖాలూ మళ్లీ చేసే ముందు ఒక పరీక్ష. ఒకే ఫోటోని ఐదు నిలువు ముక్కలుగా ఒకే 4×6 షీటులో పేర్చాను, లెవెల్స్‌లో మధ్య ముక్కోణం ఒక్కోదానికి 1.0, 1.1, 1.2, 1.3, 1.4. ఆ అంకెలు ముక్కల మీదే రాసి ఒక్క ప్రింటు వేయించాను. పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూస్తే 1.2 సరిగ్గా ఉంది. అమ్మ 1.3 అంది. అమ్మ కళ్లజోడు మార్చాల్సిన సమయం వచ్చిందని నేనన్నాను, నీదే మార్చాలని ఆవిడంది. 1.2 దగ్గర రాజీ.

ఇంకో దెబ్బ: ఫోన్లో తీసిన రెండు కొత్త ఫోటోల్లో తల పైభాగం తెగిపోయింది. ఫోన్ ఫోటో 4:3, ప్రింటు కాగితం 3:2. నిండా పరచాలని ప్రింటు వేసే మెషిన్ మిగిలింది కోసేస్తుంది. ఇప్పుడు నేనే ముందు 3:2లో తెల్ల కాన్వాస్ చేసి, దాని మధ్యలో ఫోటో పెట్టి పంపుతున్నాను. పక్కల తెలుపు కట్టర్‌తో పోతుంది.

రోజు 47

పదకొండో పేజీ, గుమ్మం ఫోటో.

అసలు ఫోటో చిన్నది, మూడున్నర బై అయిదు. 600లో స్కాన్ చేసింది 300తో ప్రింటు వేస్తే 7×10 అంగుళాలు వస్తుంది. పేజీకి కుడివైపు దాన్ని పెట్టి, ఎడమవైపు నాలుగు అంగుళాలకి పైగా ఖాళీ వదిలాను. ద్వారబంధం ఫోటోలో ఎడమ అంచుకే ఉంది. అందుకని ఒక్కో గీతనీ ఫోటో అంచు దగ్గర అందుకుని, అదే ఎత్తులో కార్డ్‌స్టాక్ మీదికి పెన్సిలుతో పొడిగించాను. ఫోటోలోని ద్వారబంధం పేజీలోకి వచ్చేసినట్టుంది. స్టిక్కర్లు లేవు, రిబ్బన్ లేదు.

గీతల పక్కన పేర్లు రాయమని అమ్మకి పెన్సిలిచ్చాను. ముందు ఫోటో మీదే రాయబోయింది, నున్నటి కాగితం మీద పెన్సిలు జారిపోయింది. అప్పుడు కార్డ్‌స్టాక్ మీద, పొడిగించిన గీతల చివర రాయడం మొదలుపెట్టింది. కింద ఉన్నది నాది. దగ్గర దగ్గరగా ఉన్న రెండింటిలో పైది అక్కది, కిందది మళ్లీ నాదే. ఎలా తెలుసని అడిగితే, "మీ నాన్న నీది కొంచెం వంకరగా గీసేవారు, నువ్వు కదిలేదానివి" అంది. పెద్దది చేసిన ప్రింటులో చూస్తే నావి నిజంగానే వంకర.

అన్నీ అయిపోయాక, మా ఇద్దరి తలలకీ బాగా పైన, ఫోటో పై అంచు దగ్గర ఒక గీత మిగిలింది. నేను దాన్ని తలుపు గడియ గీరుకున్న గీత అనుకుని పొడిగించలేదు కూడా. అమ్మ స్కేలు అడిగి తీసుకుని, తనే దాన్ని కాగితం మీదికి లాగింది.

"ఇదెవరిదమ్మా? నాన్నదా?"

"నాది. మీరిద్దరూ పట్టుబట్టి ఒకసారి నన్నూ నిలబెట్టారు."

పక్కన రాయడానికి చోటు చాల్లేదు. పేరు సగం అంచు కాగితం మీదికి ఎక్కింది, అలాగే ఉంచాను. ఇంకా తొమ్మిది పేజీలు, చింపిన పెద్దమ్మ ఫోటో మూల అతికించే పాఠం మిగిలాయి.